ఖలందర్ ముఖం ఎటుంది

గురజాలలో మంచి బొంత కావాలంటే హజ్రా బీ దగ్గరికే వెళ్లాలి. పాత చీరలిస్తే పొరలు పొరలుగా పరిచి, గట్టి కుట్టు వేసి, ఏళ్ల తరబడి చెక్కుచెదరని బొంత చేతిలో పెట్టేది. మొగుడు పోయాక ఆ సూదితోనే ఒక్కగానొక్క కొడుకు ఖలందర్‌ని సాకింది. నోరు మాత్రం సూదికన్నా పదును. మరీ చిరిగిన చీర తెస్తే, "ఏమే, ఇది చీరా, వలా?" అని ముఖంమీదే అడిగేది.

ఖలందర్ జట్కా తోలేవాడు. యుద్ధమొచ్చి పటాలంలోకి మనుషులు కావాలంటే చేరిపోయాడు. బర్మాలో గాయపడి, గుంటూరు ఆసుపత్రిదాకా వచ్చి, అక్కడే కన్నుమూశాడు. మధ్యాహ్నం రైల్లో అతని పెట్టె దిగింది. మేకులు కొట్టిన చెక్కపెట్టె, దానిమీద జెండా, వెంట తుపాకులతో సిపాయిలు.

ఊరు ఊరంతా స్టేషనుకు కదిలింది. దుకాణాలు మూశారు. జట్కా ఆలస్యమైందని ఖలందర్‌ని నానా మాటలన్నవాళ్లే ఆ పెట్టెకు భుజమివ్వడానికి తోసుకున్నారు. బతికుండగా "ఒరేయ్" అన్న నోళ్లే ఇప్పుడు "ఖలందర్ సాబు" అన్నాయి. మన ఊళ్ల తంతే అంత.

పెట్టెను ఇంటిముందు కాసేపు దించారు. ముఖం చూస్తానంది హజ్రా బీ. గాయం కుళ్లింది, తెరవకూడదు, స్నానమూ కఫను గుడ్డ చుట్టడమూ అక్కడి ముసల్మానులతోనే చేయించామన్నాడు వెంట వచ్చిన దొర. ఆమె పెట్టెమీద చెయ్యేసి నిలబడింది. ఆడవాళ్లు ఖబరస్తానుకు వెళ్లే ఆచారం లేదు, కన్నతల్లయినా గడప దగ్గరే ఆగిపోవాలి. అందుకని గోరీలు తవ్వే మౌలాలీని పక్కకు పిలిచింది.

"మౌలాలీ, వాడికి తండ్రి లేడు, తోడబుట్టినోడు లేడు. గుంటలోకి నువ్వే దిగు. కఫను ముడులిప్పి, ముఖం పడమరకు తిప్పు. తిప్పానని నాకొచ్చి చెప్పు. నాకదొక్కటే చాలు."

"అట్నే అప్పా," అన్నాడు మౌలాలీ. మక్కా ఉన్న దిక్కుకు ముఖం తిప్పకుండా ఏ తల్లి బిడ్డనూ మట్టిలో పెట్టరని అతనికి ఒకరు చెప్పాలా!

పెట్టెతో జనాజా వీధి మలుపు తిరిగింది. ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్లు ఆమె చుట్టూ చాపమీద కూర్చున్నారు. దూరంగా బ్యాండు మోగేసరికి ఒకతె లేచింది. పిల్లాడెక్కడున్నాడో చూసొస్తానని ఇంకొకతె లేచింది. ఖబరస్తాను గోడ ఇవతల నిలబడితే తుపాకులు కాల్చడం కనబడుతుందట. చివరికి పక్కింటి కుల్సుం ఒక్కతే మిగిలింది, ఆమె చూపూ తలుపు మీదే ఉంది.

"పోవే, నువ్వూ పోయి చూసిరా," అంది హజ్రా బీ. కుల్సుం పోయింది.

కొడుకు కోసం ఊరంతా ఒకచోట చేరింది. తల్లి మాత్రం ఇంకోచోట, నాలుగు గోడల మధ్య ఒక్కతే. మొగుడు పోయిన రోజున కూడా ఆమెకు ఇంత ఒంటరితనం లేదు, ఆ రోజు ఒళ్లో ఖలందర్ ఉన్నాడు. తుపాకులు పేలిన ప్రతిసారీ ఉలిక్కిపడింది. తర్వాత బూర ఊదారు. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

జనం తిరిగొచ్చారు, ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ. తుపాకులు గాల్లోకి పేల్చారన్నారు. దొరంతటి దొర నిలబడి సలాం కొట్టాడన్నారు.

"ముఖం ఎటు తిప్పారు?" అని అడిగింది హజ్రా బీ.

"ఇంత మర్యాద ఈ ఊళ్లో ఎవరికి జరిగింది అప్పా? చానా గొప్పగా జరిగింది," అంది కుల్సుం.

కుల్సుం తప్ప అందరూ వెళ్లాక మౌలాలీ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. తిప్పానని అబద్ధమాడదామనే వచ్చాడు పాపం. ఆమె ముఖం చూశాక ఉన్నదే చెప్పాడు.

"దిగానప్పా. దొర మేకులు పీకనియ్యలా. పెట్టె రెండు కొసలా ఒక్కతీరుగా ఉంది. తల ఎటుందో, కాళ్లెటున్నాయో కూడా నాకు తెలవదు."

హజ్రా బీ లేచి చాదరు కప్పుకుంది. "యాడికప్పా? ఆడోళ్లం పోగూడదు," అని కుల్సుం చెయ్యి పట్టుకుంది. హజ్రా బీ ఆ చెయ్యి విడిపించుకుని నడిచింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వీధిలో ఎవరో గొణిగారు.

ఖబరస్తానులో ఎవరూ లేరు. కొత్తమట్టి మీద పూలదండలు, చుట్టూ బూట్లు తొక్కిన నేల. హజ్రా బీ గోరీ చుట్టూ తిరిగి పడమటి వైపుకు వెళ్లి కూర్చుంది. మట్టిమీద అరచెయ్యి ఆనించింది.

"ఖలందర్," అని పిలిచింది. "నేను రా, అమ్మీని. ఇటున్నా. ఇటు తిరుగు."