లారీ నిండా లేని మొక్కలు

నా తెలివితేటల వల్ల ఓ లారీడు నూరువరహాల మొక్కలు ఎండలో మాడిపోబోయిన సంగతి చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు ముచ్చెమటలు పట్టాయి.

రాజమండ్రిలోని మా ఆఫీసులో కడియం నర్సరీల కోసం బిల్లులు కొట్టే ప్రోగ్రాం రాసేవాళ్ళం. అది పెరిగి పెరిగి, ఏ ముక్క ఎక్కడుందో రాసినవాళ్ళకే తెలియని స్థితికి వచ్చింది. మా టీముకి పెద్దయిన లక్ష్మిగారు, "కోడ్‌లో వెతకడానికి ఓ మంచి టూల్ చూడు బాబూ," అన్నారు. రెండు రోజుల పనిని నేను మూడు వారాలు చేశాను. పెళ్ళిసంబంధాలు చూసినట్టు ఒకటి నెమ్మదని, ఇంకొకటి రంగు తక్కువని వంకలు పెట్టి, చివరికి ఒకదాన్ని ఖాయం చేశాను.

దాన్ని ఆవిడకు చూపించబోతుండగా ఫోన్ మోగింది. నర్సరీ యజమాని సూరిబాబుగారు.

"మొక్కలు ఎక్కించేశామండి. బిల్లు రావట్లేదు. 'ఈ మొక్క లేదు' అంటందండి మీ కంప్యూటరు. నా ఎదురుగా లారీడున్నాయండి బాబూ."

మే నెల, మిట్టమధ్యాహ్నం. బిల్లు లేనిదే లారీ కదలదు.

"రెండు నిమిషాలండి," అన్నాను మహా ధీమాగా. ఆ మాట కోడ్‌లో ఎక్కడుందో దొరికితే తప్పూ అక్కడే దొరుకుతుంది. 'ఈ మొక్క లేదు' అని కొట్టాను. నా టూల్ రెప్పపాటులో జవాబిచ్చింది: సున్నా.

ప్రోగ్రాం మొక్క లేదంటోంది. టూలేమో అసలా మాటే లేదంటోంది. ఇంతలో మళ్ళీ ఫోన్.

"ఆకులు వాలిపోతున్నాయండి."

"అవి నూరువరహాలేనా, ఒక్కసారి చూస్తారా?" అన్నాను. అవునండీ, నిజంగానే అడిగాను.

"ముప్పై ఏళ్ళ నుంచి పెంచుతున్నానండి," అన్నారాయన.

టూల్ మూసి తెరిచాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని కొట్టాను. సున్నా. మూడోసారి ఫోన్ మోగితే తీయడానికి ధైర్యం చాలలేదు.

లక్ష్మిగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "ఏ ఫోల్డర్లు వెతకొద్దని చెప్పావు దీనికి?"

"ఏమీ లేవండి... ఒక్కటేనండి."

"ఎవరు రాసింది?"

"నేనేనండి."

అందులో నా కోడ్ పరమ చెత్తగా ఉండేది. ఆవిడ కంట పడకూడదని నేనే పక్కన పెట్టించాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేనా పిల్ల మీద తువ్వాలు కూడా కప్పాను.

ఆవిడ తెరిచారు. 'ఈ మొక్క లేదు' అన్న మాటా, మొక్కల పేర్ల జాబితా రెండూ అక్కడే ఉన్నాయి. ముందురోజు ఆ జాబితాను సర్దుతూ నూరువరహాలను నేనే చెరిపేశాను. గబగబా పేరు చేర్చి ఫోన్ చేశాను.

"వచ్చిందండి బిల్లు," అన్నారు సూరిబాబుగారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే లారీ బయల్దేరిందాండి?"

"ఎలా బయల్దేరుద్దండి? మీరేమో ఫోనెత్తరు. చచ్చిపోతాయని మొక్కలన్నీ దింపించి నీడలో పెట్టించా. కూలోళ్ళు భోజనాలకెళ్ళిపోయారు. ఇప్పుడు మీ బిల్లులో ఉన్నాయి గానీ, లారీలో లేవండి."

లక్ష్మిగారు తన స్కూటర్ తాళం నా చేతిలో పెట్టారు.

పొద్దుగూకేదాకా కడియంలో మొక్కలు ఎక్కించాను. నడుం పట్టేసింది. ఆ మట్టిచేతులతోనే, సూరిబాబుగారి సాక్షిగా ప్రమాణం చేశాను: నేను రాసిన చెత్తను ఇక జన్మలో దాచను. ఒకవేళ దాచినా, ఎక్కడ దాచానో కనీసం నాకైనా చెప్పుకుంటాను.