మగ్గం గుంటలో కోడిపిల్లలు

మా మేనత్త ఏ వేడినైనా చెయ్యి తిరగేసి, వెనకవైపు ఆనించి చూసేది. "వెచ్చగానే ఉందిలే" అందంటే ఇక దానికి తిరుగులేదు.

యుద్ధం రోజుల్లో, ఉయ్యూరు దగ్గర వాళ్ల పల్లెలో, మామయ్య జ్వరంతో పోయాడు. మగ్గం విప్పేశారు. ఆయన కాళ్లు పెట్టుకుని నేసిన గుంట మాత్రం ఇంట్లో మిగిలింది. పోయినవాడి గుంట తెరిచి ఉంచకూడదు, పూడ్చేస్తానని ఆయన తమ్ముడు పట్టుబట్టాడు.

ఆ వారమే తల్లికోడిని ముంగిస ఎత్తుకుపోయింది. అత్త కోడిపిల్లల్ని ఆ గుంటలోకి దించింది. అడుగున ఊక పరిచి, దానికి అంటకుండా, వెచ్చదనానికి పైనుంచి లాంతరు వేలాడదీసింది. పిల్లలు మునిగిపోకుండా నీళ్ల మూకుట్లో గులకరాళ్లు వేసింది.

"వీటికి నేత నేర్పుతున్నావా అత్తా? చీర ఎప్పటికి దిగుద్ది?" అన్నాను. బడి మానేసి అత్త దగ్గరే ఉంటున్న నాకు నోరొక్కటే ఆస్తి.

"నీకంటే ముందే నేర్చుకుంటాయిలేరా," అంది. మామయ్య పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

మరిది పార పట్టుకొచ్చినప్పుడల్లా, "ఈకలు రానీ అబ్బాయ్, చలికి చచ్చిపోతాయి," అనేది.

ఈకలు వచ్చేశాయి. ఒక పొద్దున పిల్లలన్నీ వాటంతటవే గట్టెక్కి పెరట్లో తిరుగుతున్నాయి.

"ఇంకేంటి వదినా?" అన్నాడు మరిది.

అత్త లాంతరు ఆర్పి నా చేతికిచ్చింది. గుంటలోకి వంగి, మామయ్య పాదాలు ఆనే చోట ఊక పక్కకు తోసి, చెయ్యి తిరగేసి నేలకు ఆనించింది. ఎంతకీ తియ్యలేదు.

"వెచ్చగానే ఉందిరా," అంది. "ఇంకాసేపు ఆగమను."