సవరాల పిన్ని చెప్పని మాట

మా ఊళ్ళో జడ తెగిన మొదటి పిల్లను నేను. కోసింది మంత్రగత్తె కాదు, నేనే. ఇది దాచిపెట్టి ఆఖర్లో చెప్పే ఉద్దేశం నాకు లేదు, ఎందుకంటే ఈ కథ నా గురించి కాదు. ఆ సంగతి మర్నాడే కనిపెట్టి కూడా పెదవి విప్పని ఒక మనిషి గురించి.

ఆమెను పెద్దవాళ్ళు సవరాలక్క అనేవాళ్ళు. పిల్లలకు సవరాల పిన్ని. బస్టాండు వెనక వీధిలో సైకిళ్ళ రిపేరు షాపు మీద రెండు గదుల్లో అద్దెకుండేది. ముందుగది పనికి, వెనకగది తిండికీ నిద్రకీ. ముందుగదిలో కిటికీల వారగా పొడుగాటి బల్ల, దాని మీద వరసగా పదకొండు చెక్క తలలు. కళ్ళూ ముక్కూ లేని నున్నటి తలలు. కొన్నిటి మీద సగం కుట్టిన విగ్గులు, కొన్నిటి మీద ఉత్త వల టోపీలు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతే ఆమె నవ్వేది. "రండి, భయం లేదు. ఇన్ని తలలున్నా ఒక్కదానికీ నోరు లేదు. అందుకే ఇంట్లో ప్రశాంతంగా ఉంది."

ఆమె భర్త ఒక నాటకాల కంపెనీలో మేకప్ వేసేవాడు. ఆయన పోయిన రెండేళ్ళకు కంపెనీ మూతపడింది. ఆమె పని మాత్రం మూతపడలేదు. నాటకాలవాళ్ళు పోతే ఆస్పత్రివాళ్ళు వచ్చారు. క్యాన్సరు మందుల వేడికి జుట్టంతా రాలిపోయిన ఆడవాళ్ళు మొహానికి కొంగు చుట్టుకుని ఆ మెట్లెక్కేవాళ్ళు, దిగేటప్పుడు తలెత్తుకుని దిగేవాళ్ళు.

జుట్టు ఎక్కడిదంటే, ఊరిదే. ఆడవాళ్ళు దువ్వెనకు వచ్చిన చిక్కును కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు. ఎదుటి వీధి మంగలి పొడుగు జుట్టు ఏదైనా కోస్తే విడిగా తీసిపెట్టేవాడు. ఆమె దాన్ని ఉతికి, ఆరబెట్టి, మేకులు దిగ్గొట్టిన పలక మీదుగా లాగి చిక్కు తీసేది. తర్వాత ఒక్కో పాయనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, మొదలు ఏదో కొస ఏదో తేల్చేది. మొదళ్ళన్నీ ఒకవైపు లేకపోతే విగ్గు నెల తిరగకుండా ఉండ కడుతుందట. ఆ తర్వాత సన్నటి కొక్కెం సూదితో, రెండేసి వెంట్రుకల చొప్పున, వలకు ముడి. ఒక్కో విగ్గుకు ముప్పై వేల ముళ్ళ పైమాటే. నెలన్నర పని. ఆ నెలన్నరా ఆమెకు మెడ వంగే ఉండేది.

నేను పదో తరగతిలో ఉండగా మా ఊరికి ఒక సినిమా యూనిట్ దిగింది. కాలేజీ పిల్లల్ని ఎవరో ముసుగు మనిషి ఒక్కొక్కళ్ళనే కత్తితో చంపుతుంటాడు. చంపేముందు జుట్టు కోసుకుపోతాడు. ఊరంతా ఒంటరిగా బతికే ఒకావిడని అనుమానిస్తుంది, చేతబడి చేస్తోందని. అదీ కథ. విగ్గులు కావాలని వాళ్ళు పిన్ని దగ్గరకు వెళ్ళారు. వెళ్ళిన డైరెక్టరు ఆ చెక్క తలల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడట. మంత్రగత్తె ఇల్లుగా ఆ గదినే వాడుకున్నారు. మూడు రోజులు షూటింగు జరిగింది. పిన్ని వెనకగదిలో కూర్చుని ముళ్ళు వేసుకుంది.

సినిమా విడుదలయ్యాక ఊరు ఊరంతా చూసింది. తెరమీద సైకిల్ షాపు మెట్లు కనబడగానే ఈలలు. చివర్లో హంతకుడు లెక్కల మాస్టారని తేలుతుంది. మంత్రగత్తె అనుకున్నావిడ పాపం ఏమీ ఎరగదు. కానీ హాల్లోంచి బయటికొచ్చాక ఆ ముక్క ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ గది, ఆ తలలు.

అందులో హీరోయిన్‌ది మెడదాకా కత్తిరించిన జుట్టు. నాకు అదే కావాలనిపించింది. మా అమ్మ బట్టలు కుట్టేది, రోజంతా మిషను మీదే. పొద్దున నా జడ వేసే పది నిమిషాలే ఆవిడ కుదురుగా కూర్చునేది. కత్తిరించుకుంటానంటే "నేను పోయాక చూద్దాంలే" అంది. ఒకరోజు మధ్యాహ్నం బెల్లు కొట్టినప్పుడు సైన్సు ల్యాబులో తలుపేసుకుని, జడ కుడి భుజం మీదుగా ముందుకు లాక్కుని, కాగితాలు కోసే కత్తెరతో కోసేసుకున్నాను. జడ చేతిలోకి వచ్చింది. సంచిలో కుక్కేశాను. క్లాసులోకి వెళ్ళి బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నాను. ఎవరో లేపారు. "నిద్రపోయాను, ఏమైందో తెలీదు" అన్నాను.

నా పక్క పిల్ల కెవ్వుమంది. "అచ్చం సినిమాలో లాగానే!"

మంత్రగత్తె అన్న మాట నా నోటివెంట రాలేదు. కాదు అన్న మాట కూడా రాలేదు.

మర్నాడు మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కించింది. వెనక ఇరవై ముప్పై మంది. పిన్ని సూది కింద పెట్టి లేచింది.

"నా పిల్ల జడ ఎక్కడ పెట్టావు?" అంది అమ్మ.

"వెతుక్కోమ్మా. ఇల్లంతా జుట్టే. అందులో మీ పిల్లది ఏదో నువ్వే తేల్చు," అంది పిన్ని. తర్వాత నా వైపు చూసింది. "ఇలా రా. కూర్చో."

నేను కూర్చున్నాను. ఆమె నా వెనక నిలబడి చివర్లు వేళ్ళతో తడిమింది. ఎడమ పక్క పొడుగు, కుడి పక్క పొట్టి. ఆ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. అప్పుడే నాకు అర్థమైంది, ఆమెకు అర్థమైందని.

"కోసినవాళ్ళకి కత్తెర పట్టడం రాదు. చివర్లు సమం చేస్తాను," అని గట్టిగా అంది. అమ్మ "దాన్ని ముట్టుకోకు" అని అరుస్తూనే ఉంది, ఆమె కత్తెర తీసి కత్తిరిస్తూనే ఉంది. వంగి నా చెవి దగ్గర చాలా మెల్లగా అంది. "ముందుకి లాక్కుని కోసుకున్నావు కదూ. నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వే."

నేను కిమ్మనలేదు. పదకొండు రోజులు కిమ్మనలేదు.

ఆ పదకొండు రోజుల్లో ఏమేం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది. ఇంకో ఇద్దరు పిల్లల జడలు తెగాయి. ఒకదానికి చూయింగ్ గమ్ అంటుకుందనీ, రెండోది పందెం కట్టి కోసుకుందనీ తర్వాతెప్పుడో బయటపడింది. అప్పట్లో అదంతా చేతబడే. ప్రార్థనలో నిలబడి ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిందా అని ఎవరూ అడగలేదు. సినిమాలో ముసుగులాంటివి ఫ్యాన్సీ షాపులో అమ్మకానికొచ్చాయి. అవి తగిలించుకుని కుర్రాళ్ళు ఆ మెట్ల దగ్గర నిలబడేవాళ్ళు. ఆడవాళ్ళు కాగితప్పొట్లాలు ఇవ్వడం మానేశారు. మంగలి జుట్టు కాల్చేస్తున్నానని నలుగురిలో చెప్పాడు. రెండు కిటికీ అద్దాలు పగిలాయి. ఆమె అట్టముక్కలు అంటించి, మూడో కిటికీ దగ్గరకు బల్ల జరుపుకుంది.

సైకిల్ షాపాయనే ఇంటి ఓనరు. మంచివాడే, కానీ పిరికివాడు. "నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రాకూడదా అక్కా" అని నీళ్ళు నమిలాడు.

"వెళ్తాను. ఆదివారం ఆ టీచరమ్మ విగ్గు కోసం వస్తుంది. ఆవిణ్ణి ఎక్కడికి పొమ్మంటావో నువ్వే చెప్పు," అంది. ఆయన కిందికి దిగిపోయాడు.

ఆస్పత్రిలో వైద్యం పూర్తయి మళ్ళీ బడికి వెళ్ళబోతున్న ఒక టీచరు కోసం కుడుతున్న విగ్గు అది. ఇంకో నాలుగు రోజుల పని మిగిలింది.

పన్నెండో రోజు పొద్దున నేను బడికి వెళ్తుంటే ఆ మెట్ల దగ్గర జనం. ఆమె పాలకని వెళ్ళిన కాసేపట్లో ఎవరో ముసుగులేసుకుని లోపలికి దూరి, చెక్క తలల మీదున్న విగ్గులన్నిటినీ కత్తితో కోసి పోయారు. నేను జనాన్ని తోసుకుంటూ పైకెళ్ళాను. నేలంతా జుట్టు. టీచరమ్మ విగ్గు మూడు ముక్కలు. ఆ చెక్క తల మీద నుదుటి నుంచి గడ్డం దాకా కత్తి గాటు.

పిన్ని నేలమీద కూర్చుని జుట్టు ఏరుతోంది. ఏడవడం లేదు. ఒక్కో పాయనీ తీసి, వేళ్ళమధ్య నలిపి, మొదలు చూసుకుని, పక్కన పెడుతోంది. ఏ రోజైనా చేసే పనే, అంతే శ్రద్ధగా.

"పిన్నీ, నేనే కోసుకున్నాను" అన్నాను. ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు.

ఆమె తలెత్తింది. "గట్టిగా చెప్పు. నాకు తెలుసు. వాళ్ళకి తెలీదు."

గుమ్మం వైపు తిరిగి గట్టిగా చెప్పాను. కత్తెర, ల్యాబు, సంచి, అన్నీ. మెట్ల మీద ఒకరి నుంచి ఒకరికి ఆ మాట కిందిదాకా దిగడం వినిపించింది. కబురు తెలిసి అమ్మ పరుగెత్తుకొచ్చింది. వస్తూనే చెయ్యెత్తింది. పిన్ని కూర్చున్నచోటు నుంచి లేచి ఆ చెయ్యి పట్టుకుంది.

"దాని సంగతి ఇంటికెళ్ళాక. ఇప్పుడు నాకు ఈ జుట్టు ఏరడానికి చేతులు కావాలి."

అమ్మ చెయ్యి దించింది. తర్వాత, ఏమనుకుందో ఏమో, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నేలమీద కూర్చుంది. "మొదలు ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. పిన్ని చూపించింది. మధ్యాహ్నానికి మరో ఐదారుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎవరూ క్షమించమని అనలేదు. ఒకావిడ మంచినీళ్ళు తెచ్చింది, అంతే.

అంత మాత్రాన ఆమె అందరినీ దగ్గరికి తీసేసిందనుకోకండి. ముసుగులవాళ్ళ మీద ఆ సాయంత్రమే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. ఇద్దరూ డిగ్రీ చదివే కుర్రాళ్ళని తేలింది. వాళ్ళ తండ్రులు వచ్చి బతిమాలారు. "ఆ పిల్లని వదిలేశావు కదా" అన్నారు.

"అది తన జుట్టు కోసుకుంది. వీళ్ళు కత్తి పట్టుకుని నా ఇంట్లోకొచ్చారు. రెండూ ఒకటేనా?" అంది. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. మంగలితో నాలుగేళ్ళు మాట్లాడలేదు. జుట్టు మాత్రం తీసుకునేది. అతను పొట్లం మెట్టు మీద పెట్టేవాడు, ఈమె అతను వెళ్ళాక తీసుకునేది.

టీచరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పి, ఇంకో ఆరు వారాలు గడువు అడిగింది. ఆ విగ్గుకు జుట్టు చాలకపోతే నా జడ తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె దాన్ని చేత్తో తూచినట్టు పట్టుకుని, "మంచి జుట్టు. వెధవ పని చేశావు," అంది. ఆ సెలవులన్నీ నేను ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెబితే నమ్మేవాళ్ళా? నమ్మినా నీ మీద పడేవాళ్ళు. ఆ వారం ఊరికి ఎవరో ఒకరు కావాలి. నీ వీపు కంటే నా వీపు గట్టిది."

"నామీద కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? చెంప పగలగొట్టాలని రోజూ అనిపించేది. ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంటుంది. సూది సరిగ్గా పట్టుకో."

నేను ఇప్పుడు ఆస్పత్రిలో నర్సును. జుట్టు రాలిపోతుందని తెలిసి గోడవైపు తిరిగి పడుకునే వాళ్ళకు మొదట ఆమె గురించే చెబుతాను. ఆమెకు డెబ్బై రెండేళ్ళు. వారానికి రెండు రోజులు మా ఆస్పత్రిలో ఒక చిన్న గదిలో కూర్చుని ఐదుగురికి పని నేర్పుతోంది. వాళ్ళలో ఒకతనికి ఈమధ్యే తల్లి పోయింది. ఆమె కోసం పిన్ని కుట్టిన విగ్గును చూసి, ఈ పని నేర్చుకుంటానని వచ్చాడు.

మొన్న ఆమె కంటికి ఆపరేషను చేశారు. నెల రోజులు వంగకూడదన్నారు డాక్టరుగారు. తొమ్మిదో రోజు ఆదివారం నేను వెళ్ళేసరికి బల్లను దిండ్లతో ఎత్తు చేయించుకుని, వంగకుండా నిటారుగా కూర్చుని పని చేస్తోంది. నేను సాయానికి కూర్చున్నాను. పది వరసలు వేశాక ఆమె చూడకుండానే వేలితో నా ముళ్ళను తడిమింది.

"ఈ మూడూ వదులుగా ఉన్నాయి," అంది. "విప్పి మళ్ళీ వెయ్యి."

విప్పి మళ్ళీ వేశాను.