కేసముద్రంల నా లండన్ చదువు

మా వాడకట్టోళ్లకు నేను లండన్ల చదివిన పిల్లను. ఎన్నో నెలలు అట్లనే నమ్మిండ్రు పాపం. నేనేమో ఆ నెలలన్ని రైల్ల గంట దూరమున్న కేసముద్రంల మా మేనత్తోళ్ల ఇంట్ల ఎనుక రూముల కూసొని బఠానీలు ఒలిచిన.

తప్పంత ఫ్లెక్సీది. బాపుకు ఎనుమాముల మార్కెట్ల మిర్చి అడ్తి దుకాణం ఉన్నది. రైతులు తెచ్చిన మిర్చి అమ్మిపెట్టి కమీషన్ తీసుకునుడు ఆయన పని. ఆ మార్కెట్ల ఎవలింట్ల ఏం జరిగినా చౌరస్తాల ఫ్లెక్సీ గట్టాలె. పిల్లగాడు ఇంటర్ పాసైతే ఫ్లెక్సీ, కొత్త కారు కొంటె ఫ్లెక్సీ. నాకు లండన్ యూనివర్సిటీల సీటు వచ్చిందని తెలిసిన తెల్లారే నా బొమ్మ లేసింది. నల్ల గౌను, నెత్తి మీద పలక టోపీ. చేరకముందే పట్టా ఇచ్చేసిండ్రు మహానుభావులు! కింద వరుసల దండం పెట్టుకుంట నిలబడ్డ అడ్తిదార్ల మొకాలు నా మొకం కంటె పెద్దగున్నయి. లండన్ పోయేది వాళ్లా నేనా అని నాకే అనుమానమొచ్చింది.

వీసా రాలె. ఏదో కాగితం సరిగ లేదన్నరు, మల్ల పెట్టుకోవచ్చన్నరు. నాకు బాధైంది గని లోకం మునిగిపోయినంత కాదు. "ఇంకోసారి పెడ్దం బాపూ, అప్పటిదాక ఏదన్న ప్రైవేటు స్కూల్ల పాఠాలు చెప్పుకుంట" అన్న. బాపు నా దిక్కు చూడనే లేదు.

"చౌరస్తాల బొమ్మ పెట్టినంక పోకుంటె ఎట్లనే? మార్కెట్ల నేను తలకాయ ఎట్ల ఎత్తుకోవాలె?"

"ఫ్లెక్సీ దించుండ్రి మరి."

"దించితె ఎందుకు దించినవని అడుగుతరు."

గదీ మా ఇంటి తెలివి! బొమ్మను దించలేక మనిషిని దాచిండ్రు. మల్ల వీసా వచ్చేదాక నేను కేసముద్రంల ఉండాలె, రాంగనే ఆడికెల్లి నిజంగ పోవాలె, నడుమ ఎవ్వనికి తెల్వద్దు. అమ్మ ఏడ్చింది గని బాపు ముంగట ఆమె ఏడుపు ఎన్నడు చెల్లింది కనుక.

సాగదోలుడు మాత్రం మస్తు ఘనంగ చేసిండ్రు. హారతి పట్టిండ్రు, మెడల బంతిపూల దండ ఏసిండ్రు. చెమటలు కారుతాంటె నాకు ఉన్ని కోటు తొడిగిండ్రు. నాయినమ్మ నా చెయ్యి ఇడువలె. నన్ను పెంచింది ఆమెనే, ఊహ తెలిసినకాన్నుంచి ఆమె పక్కలనే పండుకున్న. ఆమెకు మాత్రం అసలు సంగతి చెప్పలె. "ముసలిది, యాడనన్న నోరు జారుతది" అన్నడు బాపు. "పైలంగ పోయిరా బిడ్డా, ఆడ సలి ఎక్కువంట" అని నాయినమ్మ నా చెవులకు కోటు కాలరు కప్పింది. నాకు సిగ్గుతోని పాణం పోయింది.

కారు హైదరాబాద్ రోడ్డెక్కింది. మడికొండ దాటినంక ఒక దాబా ఎనుక ఆపి, నా మెడల దండ తీసి, ఎనుకకు మళ్లించిండ్రు. ఊరి బయట రోడ్ల మీదికెల్లి కేసముద్రం దిక్కు పోతాంటె తెలిసినోళ్ల మిర్చి లారీ ఎదురొచ్చింది. "జర కిందికి ఒంగు బిడ్డా" అన్నడు బాపు. కోటుతోని సీట్ల నడుమ ఒంగిన. గదే నా విమానం ఎక్కుడు.

అత్త ఇంకో తెలివి చేసింది. నేను బయటికి ఎందుకు వస్తలేనని ఇరుగుపొరుగు అడుగొద్దని, మేనకోడలికి కామెర్లని చెప్పింది. ఇగ చూడుండ్రి నా బతుకు! ఇంట్ల కోడికూర వండితె నాకు చప్పిడి పప్పు. పక్కింటామె మంచిమనసుతోని ఆకుపసరు దంచి తెచ్చి, నేను మింగేదాక ఎదురుంగ నిలబడ్డది. లండన్ల చదివేటోళ్లు ఏమేం తాగుతరో నాకు తెల్వది గని నేనైతె పసరు తాగిన.

నాయినమ్మతోని మాట్లాడుడు వీడియో కాల్లనే. ఈడ పొద్దుగూకితె ఆడ మధ్యాహ్నం కదా, మామ గోడకు తెల్ల దుప్పటి గట్టి, నా మొకం మీదికి ట్యూబ్‌లైట్ పెట్టేటోడు. ఒకసారి సరిగ్గ అప్పుడే బయట మైకుల "ఉల్లిగడ్డలూ, ఆలుగడ్డలూ" అని బండోడు మొదలువెట్టిండు. "ఏందే, ఆడ సుత తెలుగోళ్లే అమ్ముతాన్నరా?" అన్నది నాయినమ్మ. "ఔ, మనోళ్లు లేని తావు ఉన్నదా" అని మామ పక్కకెల్లి అందించిండు. ఆయనకు గంత సంబురమెందుకో!

నిజంగ లండన్ పోయిన నా దోస్తు ఒకతి ఉండె. మంచు ఫొటోలు ఆమెనే పంపేది, బాపు వాటిని మార్కెట్ల తిప్పేటోడు. మంచుల ఎవలున్నరని ఎవ్వరు సూక్ష్మంగ చూడలె, కోటు కనవడితె చాలు. ఆ పిల్ల ఒక రూముల ఇంకా ముగ్గురితోని పండుకుంట, హోటల్ల గిన్నెలు తోముకుంట, వాళ్లింట్ల మాత్రం "లైబ్రరీల ఉన్న" అని చెప్పేది. "నువ్వే నయం, నీకు వండిపెట్టేటోళ్లన్న ఉన్నరు" అన్నది నాతోని. ఇద్దరం ఒకలకొకలం జాలిపడ్డం. మా ఇండ్లల్ల మాత్రం అందరు ఖుషీ.

బతుకమ్మ పండుగకు వాకిట్ల పాటలు ఇనవడుతాంటె తలుపు సందుల నుంచి చూసిన. మల్ల పెట్టిన వీసా ఇంకా రాలె, కామెర్ల పిల్ల బయటికి రావద్దు కదా. ఆ దినం బాపు మీద వచ్చిన కోపం ఇప్పటికీ పోలె.

పండుగ అయినంక నాయినమ్మ బాత్రూముల జారిపడ్డది. తుంటి ఎముక ఇరిగింది. హన్మకొండల దవాఖానకు తీస్కపోతె, తొందరగ ఆపరేషన్ చెయ్యాలె, ఆలస్యమైతె పెద్దమనిషి పాణానికే మంచిది కాదన్నడు డాక్టరు. నాయినమ్మ ఒప్పుకోలె. "పిల్ల మొకం చూసినంకనే. బల్ల మీదికెల్లి మల్ల లేస్తనో లేదో" అన్నదంట.

నేను బాపుకు ఫోన్ చేసిన. "వస్తాన్న" అన్న.

"ఇయ్యాల వద్దు" అన్నడు. "లండన్ నుంచి రావాలంటె రెండు దినాలన్న పట్టదా? దవాఖానల మార్కెటోళ్లందరున్నరు. ఎల్లుండి కోటేసుకొని రా. మామ కారుల దింపుతడు."

కన్నతల్లి మంచంల ఉంటె ఈయన విమానం టైములు లెక్కవెడుతాండు! "నీ ఇజ్జత్ల మన్నుబొయ్య" అని ఫోన్ పెట్టేసిన. అట్ల అనుడు అదే మొదలు. అత్త తలుపుకడ్డం నిలబడితె పక్కకు జరిపిన. అత్త చెప్పులే ఏసుకొని స్టేషన్‌కు ఉరికిన. ప్యాసింజర్ బండి నడుమ నెక్కొండల ఆగి కదులకుంటె దిగి నడువాల్ననిపించింది.

దవాఖాన వార్డుల బాపు నన్ను చూసి తెల్లబోయిండు. చుట్టున్న అడ్తిదార్లు నా పాత సల్వారు దిక్కు, అరిగిన చెప్పుల దిక్కు చూస్తాన్నరు. "ఎప్పుడు దిగినవమ్మా?" అన్నడు ఒకాయన. నేను నాయినమ్మ మంచం కాడికి పోయిన. ఆమె నా చెంపలు తడిమింది.

"వచ్చినవా బిడ్డా. ఎంత దూరంకెల్లి ఉరికొచ్చినవే."

బాపు కండ్లతోని బతిలాడుతాండు. ఎల్లుండి దాక కాదు, ఇంకొక్క మాట దాక సుత నాకు ఓపిక లేకుండె.

"కేసముద్రం నుంచి, నాయినమ్మా. వీసా రాలె. అప్పటికెల్లి అత్తోళ్లింట్లనే ఉన్న."

ఎప్పుడు దిగినవని అడిగినాయన బాపు దిక్కు తిరిగిండు. ఆమె తిడుతదనుకున్న. తిట్టలె.

"కేసముద్రంలనా" అన్నది మెల్లగ. "పండుగకు సుత ఆడనే ఉన్నవా?"

"ఊ."

"అంత దూరం పోయిన పిల్లను రమ్మంటె చదువు పాడైతదని, రమ్మనే మాట నోటిదాక వచ్చినా మింగిన కదనే. దినాం మింగిన."

నాకు ఏడుపాగలె. ఆమె నా కండ్లు తుడిచి, నర్సును పిలిచి, "ఇగ తీస్కపోండ్రి" అన్నది. చక్రాల మంచం ఆపరేషన్ రూము దిక్కు కదిలింది. నేను ఒక పక్క పట్టుకొని నడిచిన. బాపు ఇంకో పక్క పట్టుకోబోయిండు.

"నువ్వు రాకు కొడుకా" అన్నది నాయినమ్మ. "నువ్వు లండన్ల ఉన్నవనుకుంట."

బాపు తలుపు కాడనే ఆగిపోయిండు.