తాయిఫ్‌లో గడియారం పంతులు

అందరూ సౌదీలోని తాయిఫ్‌కు గులాబీల కోసం వెళ్తారు. నేను వెళ్లింది ఒక జర్మన్ తత్వవేత్త కోసం. రెండు వందల ఏళ్లకు పైగా వెనకటి మనిషి, జీనులు కుట్టేవాడి కొడుకు, బతుకంతా దాదాపు సొంత ఊళ్లోనే గడిపాడు. రోజూ ఒకే వేళకు నడకకు బయలుదేరేవాడని, ఆయన్ని చూసి ఇరుగుపొరుగు గడియారాలు సరిచేసుకునేవారని చెబుతారు. అసలు పేరు పలకడానికి నోరు తిరగక మేం గడియారం పంతులు అనేసుకున్నాం. తాయిఫ్‌లో మన తెలుగువాళ్లు నెలకో శుక్రవారం కూడి, ఒకరు చదివింది మిగతావాళ్లకు చెప్పుకుంటారు. ఈసారి వంతు సైలుది, చెప్పబోయేది ఈ పంతులు గురించి. జగిత్యాల వైపు మనిషి, ఒకప్పుడు రియాద్‌లో నా గదిలోనే ఉండేవాడు. బుధవారం ఫోన్ చేశాడు.

“అన్నా, నువ్వు రావాలె. మా సుజాత వీడియోల సూస్తనంటున్నది. అబద్ధమాడద్దని పంతులు చెప్పిండని చెప్పుకుంట, ఆమెకే అబద్ధమాడుడెట్లనే?”

సైలు మిద్దెల మీద ఏసీలు బాగుచేస్తాడు. ఊళ్లో ఉన్న భార్య సుజాత దిగులు పడుతుందని, మూడేళ్లుగా ఆఫీసులో కూర్చునే పని అని చెబుతున్నాడు. ఎక్కడైనా ఆఫీసులో ఏసీ బాగుచేయగానే ఎవరి కుర్చీలోనో కూలబడి ఆమెకు వీడియో కాల్ చేసేవాడు. నిజం చెబితే ఆమె ఇక తన మాట నమ్మదేమోనని ఇప్పుడు భయం.

శుక్రవారం పొద్దున రియాద్‌లో ఏడింటి విమానం ఎక్కాను. ముందే కొన్నందుకు టికెట్టు రెండు వందల రియాళ్లలోపే పడింది. దిగాక ఊళ్లోకి టాక్సీకి యాభై. డ్రైవరు కడపాయన.

“ఉపన్యాసం వినేదానికి ఇంత దూరం వస్తిరా సార్? రోజా తోటలు చూడల్లని గదా అందరూ వచ్చేది!” అని దారంతా నవ్వాడు.

జుమ్మా నమాజు, బగారా అన్నం అయ్యాక సైలు ఉండే కార్మికుల క్యాంపు మెస్సులో ముప్పై మందిమి కూర్చున్నాం. సైలు ఫోన్‌ను నీళ్ల క్యాన్‌కు ఆనించి పెట్టాడు. అందులో సుజాత. సైలు లేచి మొదలుపెట్టాడు.

“ఎవని బుర్రతోని వాడే ఆలోచించాలె అన్నడు పంతులు. మనిషిని పానా లెక్క వాడుకొని పక్కకు పడెయ్యద్దన్నడు,” అనగానే చప్పట్లు మోగాయి. “మంచికైనా సరే, అబద్ధమాడద్దన్నడు.” ఫోన్ వైపు తిరిగాడు. “సుజాతా, నాది ఆఫీసు పని కాదే. మిద్దెల మీద ఏసీల పని.”

మెస్సులో అందరూ ఫోన్ వైపు మెడలు చాచారు.

“నాకెప్పుడో ఎరుకే,” అంది సుజాత. “ఆఫీసుల కూసున్నోని మెడ గట్ల మాడుతదా? కుర్సీ సుత ఫోన్ ఫోన్‌కు మారుతుండె!”

“మరి అడగకపోతివి?”

“సంబురంగ చెప్తుంటివి. ఎందుకు పాడుచేసుడని ఊకున్న.”

“అయితే తెల్వనట్టు నటించి చెల్లె సుత పంతులుకు దొరికింది!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వులతో మెస్సు దద్దరిల్లింది. సైలు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

ప్రేమతో ఆడిన అబద్ధాన్ని కూడా పంతులు ఎందుకు ఒప్పుకోలేదో చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. ఆయనది మరీ మొండితనం అనుకున్నాను. ఒకరి కోసం ఒకరు దాచుకుంటూ ఆ ఇద్దరూ మూడేళ్లు ఎంత ఒంటరిగా దిగులుపడ్డారో ఆ రోజు చూశాను. మీరూ శుక్రవారమే వెళ్తుంటే టిఫిన్ వెంట తీసుకెళ్లండి, జుమ్మా అయ్యేదాకా కొట్లు చాలావరకు మూసే ఉంటాయి. సైలు ఇప్పుడు ఫోన్ మిద్దె మీద నుంచే చేస్తున్నాడు. నీడ ఉన్న మూల చూసుకుని నిలబడితేనే సుజాత మాట్లాడుతుందట.