తమ్ముళ్ళ సంఘంలో చెల్లి

మా సంఘంలో చేరడానికి కావలసినవి రెండే: మద్రాసు హీరో మీద ప్రేమ, ఆ ప్రేమను నలుగురిలో ఒప్పుకోగల సిగ్గులేనితనం. తెలుగు రావడం అక్కర్లేదు. వచ్చినవాళ్ళు మాలో దాదాపు లేరు. మా ద్వీపంలో, కార్తియే మిలితేర్ ఊళ్ళో, మా ఈడువాళ్ళకు తెలుగంటే గుళ్ళో పాటలు, ఇంట్లో వరసలు, పెద్దవాళ్ళకు కోపం వస్తే తిట్లు. మిగిలిన బతుకంతా ద్వీపంలో అందరూ మాట్లాడే క్రియోల్‌లోనే వెళ్ళిపోయేది. అందుకే కాబోలు, మాకు వరసలంటే అంత పట్టింపు. చేతిలో మిగిలిన నాలుగు మాటలనూ పూర్తి బరువుతో వాడేవాళ్ళం.

హీరో అన్న, మావాళ్ళంతా తమ్ముళ్ళు. తమ్ముళ్ళ సంఘం. ఈ ద్వీపంలో తనకింతమంది తమ్ముళ్ళున్నారని ఆ అన్నకు తెలియదు. తెలిసుంటే ఆస్తి పంపకాల గురించి బెంగపడేవాడేమో.

ఏడాదికో రెండేళ్ళకో ఒక తెలుగు సినిమా ఓడ దిగేది. రోజ్ బెల్ ఊరి హాల్లో ఆదివారం పొద్దున ఆట వేసేవారు. తమ్ముళ్ళు బస్సు మాట్లాడుకుని, బట్టమీద రాయించిన హీరో బొమ్మకు బంతిపూల దండ వేసి, హాలు ముందు కర్పూరం వెలిగించి లోపలికి వెళ్ళేవారు. లోపల అసలు ఇబ్బంది మొదలయ్యేది. తెరమీద అన్న ఏమంటున్నాడో ఏ తమ్ముడికీ తెలిసేది కాదు.

నాకు తెలిసేది. గుడి పక్క రేకుల గదిలో సాయంకాలం తెలుగుబడి ఉండేది. అక్కడి మాస్టారు నాకు అక్షరాలతో మొదలుపెట్టి పద్యాలదాకా నేర్పారు. పగలు నేను పంతులమ్మ శిక్షణకు వెళ్ళేదాన్ని. హాల్లో ఆడవాళ్ళ బెంచీలకూ మగవాళ్ళ బెంచీలకూ మధ్య తాడు కట్టేవారు. తాడుకు ఇవతల కూర్చుని అమ్మకు కథంతా క్రియోల్‌లో చెప్పేదాన్ని. హీరో గుక్కతిప్పుకోకుండా ఏడ్చి, దేవుణ్ణి నిలదీసి, గోడకు తల కొట్టుకుని ఆగితే, "బెంగపెట్టుకున్నాడు" అని చెప్పి ఊరుకునేదాన్ని. అవతల తమ్ముళ్ళు తాడు మీదికి ఒరిగి వినేవారు. ఒకసారి ఆ బరువుకు తాడు తెగింది. నన్ను మగవాళ్ళ మధ్యలో కూర్చోబెడితే తప్ప లాభం లేదని సంఘం తీర్మానించింది.

అడ్డు మా నాయన. ఆయన చెరకుతోటలో సర్దారు. కూలీలను వరసలో నిలబెట్టి పని చేయించడం ఆయన వృత్తి, ఇంట్లో ఆయనకు అదే సరదా. మగపిల్లల మధ్య కూతురు కూర్చుంటుందంటే అడిగే మొదటి ప్రశ్న అందరికీ తెలుసు: ఏ వరసన?

ఆ ప్రశ్న తేల్చడానికి తెలుగుబడి గదిలో సంఘం సమావేశమైంది. పైన రేకుల మీద వాన, కింద మేము.

"ఈమెను ఏమనాలి మనం?" అన్నాడు అధ్యక్షుడు. బస్సు కండక్టరుగా పనిచేసేవాడు.

"తమ్ముడే అందాం. అందరికీ ఒకటే పేరు," అన్నాడు మోకా ఊళ్ళో ఒక ఆఫీసులో పనిచేసే గుమాస్తా. తక్కువ మాట్లాడే మనిషి.

"జడ వేసుకున్న తమ్ముడా? బే, ఊరంతా నవ్వుతారు మనల్ని చూసి."

"మరదలు," అన్నారెవరో వెనకనుంచి.

అందరి తలలూ వెనక్కి తిరిగాయి.

"ఎవడ్రా అది?" అన్నాడు కండక్టరు. "వాళ్ళ నాయన దగ్గర చెరకు కొట్టే కత్తి ఉంది. నువ్వు పోయి చెప్పు."

ఎవరూ పోలేదు.

"మెంబరు అంటే చాలదా?" అన్నాను నేను. "కాదంటే నాకో పేరుంది. పెట్టడానికి మావాళ్ళు పంతుల్ని కూడా పిలిచారు."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "పేరు పెట్టి పిలిచేవాడి పక్కన మీ నాయన కూర్చోనివ్వడమ్మా. చెల్లీ అని పిలిచేవాడి పక్కన కూర్చోనిస్తాడు. నీకు సినిమా కావాలా, వాదన కావాలా?"

నాకు సినిమా కావాలి. ఇంకా నిజం చెప్పాలంటే బస్సు కావాలి. ఆదివారంనాడు ఎవరో ఒకరికి వండిపెట్టకుండా ఊరు దాటడం కావాలి. చెల్లి అంటే దొరుకుతుందన్నారు, సరే అన్నాను.

నాయన ఒప్పుకున్నాడు, తన పద్ధతిలో. నోటిమాట చాలదన్నాడు. ఒక శనివారం పొద్దున గుళ్ళో పూజారి ఎదుట తమ్ముళ్ళందరినీ వరసగా నిలబెట్టాడు. ఆ పని ఆయనకు వచ్చినంత బాగా ఎవరికీ రాదు. ఒక్కొక్కరూ వచ్చి నా తలమీద అక్షతలు వేసి "చెల్లీ" అనాలి. నేను "అన్నా" అనాలి. తమ్ముళ్ళుగా గుళ్ళోకి వెళ్ళినవాళ్ళు అన్నలుగా బయటికి వచ్చారు. ఒక్క పూటలో అంతమంది అన్నలు పుట్టారు, మా అమ్మకు నొప్పులు కూడా తెలియలేదు. గుమాస్తా కూడా వచ్చి అక్షతలు వేశాడు. అందరిలాగే అన్నాడు. అప్పటికి మా మధ్య ఏమీ లేదు. తర్వాత చాలామంది అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఆ పేరు నాకు మేలు చేయలేదంటే అబద్ధం. తర్వాత వచ్చిన సినిమాలన్నీ బెంచీ మధ్యలో కూర్చుని చూశాను. నన్ను చూపించి ఊళ్ళో ఇంకొందరు ఆడపిల్లలు ఇళ్ళలో అడిగారు. తేయాకు కోసే పిల్ల ఒకతి, దర్జీ కూతురు, మా వీధి చివరి అక్కచెల్లెళ్ళు. అందరికీ అవే అక్షతలు, అదే పేరు. ఎవరి నాయనా కాదనలేదు. మా సంఘంలో మగవాళ్ళు హీరోకు తమ్ముళ్ళు, ఆడవాళ్ళు తమ్ముళ్ళకు చెల్లెళ్ళు. హీరోకు మేము నేరుగా ఏమీ కామని మాలో ఎవరికీ తట్టలేదు.

గుమాస్తాది ఎప్పుడూ నా పక్క సీటే. నేను చెప్పిన ముక్క అటువైపు వాళ్ళకు అందించడం అతని పని. ఒక సినిమాలో, పాటకు ముందు, "ఏమంటోంది ఆమె?" అని అడిగాడు. తెరమీద ఆమె ఏమీ అనడం లేదు. ఊరికే నిలబడి ఉంది. అదే చెప్పాను. "సరే," అన్నాడు, ఆ సంగతి అటువైపు అందించకుండా.

నేను శిక్షణనుంచి వచ్చే బస్సు మోకా మీదుగా వచ్చేది. అక్కడ అతను ఎక్కేవాడు. మొదట పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చునేవాడు, తర్వాత ఖాళీ అయ్యేదాకా నిలబడేవాడు.

"నన్ను అన్నా అనకు," అన్నాడొకరోజు.

"మరి ఏమనాలి?"

"ఏమీ అనకు."

అప్పటినుంచి "ఇదిగో", "వింటున్నావా" అనేదాన్ని. పెళ్ళాలు మొగుళ్ళను పిలిచేది సరిగ్గా అలాగేనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. బస్సులో ముసలమ్మలకు తట్టింది.

ఇంగ్లీషువాళ్ళ జెండా దించి మా జెండా ఎగరేసిన ఏడాది అతని తల్లి పళ్ళూ పసుపుకుంకుమలూ తీసుకుని మా ఇంటికి వచ్చింది. భర్త లేని మనిషి, అతనొక్కడే కొడుకు. నాయన మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. ఆమె విషయం చెప్పగానే అడిగాడు.

"నీ కొడుకు నా కూతురికి ఏమవుతాడు?"

"ఏమీ కాడయ్యా. చుట్టరికం లేదు. పూజారిగారిని అడిగే వచ్చాను."

"గుళ్ళో నేనున్నాను అక్కా. నా ముందర అన్నాడు చెల్లీ అని. రేపు బావ అంటే నేను ఏం చెప్పాలి జనానికి? సర్దారు కూతురు అన్నను చేసుకుంది అని అంటారు."

"అది సినిమాకోసం అన్న మాట కదయ్యా."

"నేను సినిమాకోసం ఒప్పుకోలేదు. ఆ మాట విని ఒప్పుకున్నాను."

ఆయన్ను తప్పుపట్టడం నాకిప్పటికీ కష్టం. మోసపోయింది తనేనని ఆయన అనుకున్నాడు.

పూజారి గోత్రాలు చూశాడు, నక్షత్రాలు చూశాడు, అన్నీ బాగున్నాయన్నాడు. అంతా బాగుండి కూడా వీలుకాదన్నాడు. దేవుడి ఎదుట కలిపిన వరస తీసేయడానికి ఏదైనా పూజ ఉందా అని అడిగాను. కలపడానికి కూడా పూజ లేదని, అది మా నాయన పెట్టించిందేనని ఒప్పుకున్నాడు. "లేని పూజకు విరుగుడు నేనెక్కడ తెచ్చేది తల్లీ?" అన్నాడు. ఆ ఊళ్ళో నాకు నచ్చిన జవాబు అదొక్కటే.

మిగిలింది సంఘం. వాళ్ళు మా పక్షాన నిలబడతారనుకున్నాను. రాణిగారి జెండానే దించారు కదా, నన్నొక మాటమీదనుంచి దించలేరా? సమావేశంలో అదే అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా మాటకు నవ్వకపోవడం అదే మొదలు.

"పేరు తీసేద్దాం," అన్నాను. "చెల్లి వద్దు, తమ్ముడు వద్దు. ఎవరి పేరు వాళ్ళకే ఉంచుదాం. సినిమా చూడ్డానికి చుట్టరికం ఎందుకు?"

"ఇప్పుడు తీసేస్తే," అన్నాడు కండక్టరు, "ఎందుకు తీశారంటారు. నీకోసం అంటారు. చెల్లీ అని పిల్చి పెళ్ళి చేసుకునే సంఘం ఇది అంటారు. నేను ఏ ఇంటికి పోయి ఆడపిల్లను పంపమని అడగాలి?"

గుమాస్తా లేచాడు. "తప్పు నాది. నేను సంఘం మానేస్తాను."

"నువ్వు మానితే మాట పోతుందా?"

అతను కూర్చున్నాడు. మాస్టారు కిటికీలోంచి వానను చూస్తున్నారు. ఈ పేరు పెట్టినది తనేనని ఎవరైనా గుర్తుచేస్తారేమోనని ఆయన భయం. నేను గుర్తుచేయలేదు. ఆయనైనా ఏం చేస్తారు.

రిజిస్ట్రారు దగ్గర చేసుకుందామన్నాడు అతను, ఆ వారమే, బస్సులో. ఆలోచిస్తానన్నాను. నిజంగా ఆలోచించాను కూడా. మర్నాడు తేయాకు కోసే పిల్ల మా ఇంటికి వచ్చింది. వేళ్ళకు ఆకు పసరు అలాగే ఉంది.

"అక్కా, మా నాయన అడిగాడు. నిజమేనా అని."

"నువ్వేమన్నావు?"

"తెలీదు అన్నాను. నువ్వు చేసుకుంటే మేమందరం ఇంట్లోనే అక్కా. పా కపావ్, కుదరదు, ఇంక పంపరు. మా నాయన చెప్పేశాడు." కాసేపు గోళ్ళు గిల్లుకుంది. "సినిమా పోతే పోయింది. ఆదివారం బస్సు ఉంది కదా. నాకు బయట అంటే అదొక్కటే."

ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏదో ఒక హాస్యమాడి పంపేసేదాన్ని.

అతనికి కాదని చెప్పాను. త్యాగమని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఇంట్లో నాయన, బయట సంఘం, గడపమీద ఆ పిల్ల. నాకు మిగిలిన దారే వెడల్పు లేనిది. అతని తల్లి, "నాకు కోడలు కావాలి, తగువు కాదు," అని రోజ్ బెల్ వైపు ఒక సంబంధం చూసింది. అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా ఎన్నాళ్ళుంటాడు?

వరసలంటే పట్టింపు ఉన్నవాళ్ళు సగంలో ఆగరు. అతనికి సొంత అక్కచెల్లెళ్ళు లేరు. పెళ్ళిలో పెళ్ళికొడుకు తోబుట్టువు చేయవలసినవి చాలా ఉంటాయి. అవి ఎవరు చేస్తారని అడిగితే, గుళ్ళో అక్షతలు వేయించుకున్న మొదటి చెల్లెలుండగా ఆలోచనెందుకన్నారు. వెళ్ళకపోతే అనుమానం నిజమవుతుందని అమ్మ చెప్పింది. వెళ్ళాను. అతని కండువాకూ ఆమె కొంగుకూ ముడి నేనే వేశాను. గట్టిగానే వేశాను. పనిలో ఎవరూ వంక పెట్టకూడదు.

ఊరేగింపు మధ్యాహ్నానికి ఇంటికి చేరింది. సన్నగా వాన. కొత్తదంపతులు గడప దాటేముందు ఆడపడుచు తలుపుకు అడ్డంగా నిలబడి పేర్లు చెప్పించాలి. అతను ఆమె పేరు, ఆమె అతని పేరు. చెబితేనే లోపలికి. అందరూ నవ్వుతూ చూసే వేడుక. రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి నిలబడ్డాను.

అతను నావైపు చూడలేదు. నోరు తెరిచి మూశాడు. వెనకాల తమ్ముళ్ళు, "సిగ్గురా వాడికి, సిగ్గు," అంటున్నారు. గుంపు పెరిగింది. పెళ్ళికూతురి నుదుటి కుంకుమ వానకు కరిగి ముక్కుమీదికి జారుతోంది.

"చెప్పన్నా," అన్నాను. "ఆమె తడుస్తోంది."

చెప్పాడు. తర్వాత ఆమె కూడా చెప్పింది, స్పష్టంగా, భయం లేకుండా. నేను చేతులు దించాను.

లోపలికి వచ్చాక ముఖం తుడుచుకోవడానికి ఆమెకు తువ్వాలు ఇచ్చాను. మనిషి పచ్చగా, గుండ్రంగా ఉంది, నాకంటే చిన్నది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి అడిగింది.

"మీకు సినిమా సంఘం ఉందంట కదా. ఆదివారం బస్సులో పోతారంట. నన్ను కూడా చేర్చుకుంటారా?"

"మీ ఆయన్ని అడగలేదా?"

"ఆయన ఏమీ చెప్పడు. మిమ్మల్ని అడగమన్నాడు." తువ్వాలు మడిచి నా చేతికి ఇచ్చింది. "నన్ను ఏమని పిలుస్తారు అక్కడ?"

నీ పేరే పిలుస్తామని చెప్పాను. సంఘాన్ని అడగకుండా ఇచ్చిన మాట అది. అడిగి చూశాను, రెండుసార్లు. వరస లేకుండా పేరు పెట్టి పిలవడానికి సంఘం ఇంకా ఒప్పుకోలేదు. ఆమె ఇంకా ఇంట్లోనే ఉంది.