ఉయ్యాల కోసం తిరగేసిన ఏసీ

దుబాయ్‌లో నా ఉద్యోగం చల్లబరచడం. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోదాములకు ఎంత ఏసీ కావాలో లెక్కగట్టే డిజైన్ ఇంజినీరుని. ఖర్జూరాలకింత, మందులకింత, మనుషులు తిరిగే చోటికింత అని తేల్చి చెప్పేవాణ్ణి. ఏ గదినైనా వేడి చేసిపెట్టమని నన్నెవరూ అడిగిన పాపాన పోలేదు. మొదటిసారి అడిగింది ఒక జిగురు డబ్బా.

అప్పట్లో నేను అక్కా బావా వాళ్లతో కలిసి ఎడారి అంచున ఓ పాత విల్లా కింది వాటాలో ఉండేవాణ్ణి. పెరట్లో రేకుల కప్పుతో చిన్న గది ఉండేది. ఎప్పుడో పనిమనిషి కోసం కట్టిందట. దాన్ని నేను వడ్రంగి కొట్టుగా మార్చుకున్నాను. ఒక బల్ల, రెండు రంపాలు, అల్ ఖూజ్‌లో కొన్న, అతుకుల్ని నొక్కిపట్టే బిగింపులు, గోదాముల్లో పారేసే పెట్టెల చెక్క. సెలవు రోజున అందులోకి వెళ్తే అక్క భోజనానికి పిలిచేదాకా బయటికి వచ్చేవాణ్ణి కాదు.

ఆ చలికాలం అక్కకు కూతురు పుట్టింది. మా ఇళ్లలో బారసాలకు ఉయ్యాలతొట్టి మేనమామ తేవాలి. పుట్టింటి తరఫున దుబాయ్‌లో ఉన్నది నేనొక్కడినే. సీలింగుకు కొక్కెం కొట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదు కాబట్టి స్టాండుతో సహా చెక్క ఉయ్యాల నేనే చేస్తానని మాటిచ్చాను. బావ అదే సాయంత్రం మాల్‌కి వెళ్లి ఒక ప్లాస్టిక్ ఉయ్యాల కొనుక్కొచ్చి, బాక్స్ విప్పకుండా హాల్లో నిలబెట్టాడు.

"ఇది నీ మీద నమ్మకం లేక కొన్నది కాదు బామ్మర్దీ. నా కూతురి మీద ప్రేమకొద్దీ కొన్నది" అన్నాడు.

బారసాల శుక్రవారం. ఆ వారం మొదట్లోనే నేను ఉయ్యాల పక్క చట్రాలు అతికించి, బిగించి పెట్టాను. మర్నాడు పొద్దున్నే బావ వచ్చి ఒకదాన్ని ఒంటి చేత్తో ఎత్తాడు. సగం అతని చేతిలోకి వచ్చింది, సగం బల్ల మీదే ఉండిపోయింది.

"ఓహో, ఫోల్డింగ్ మోడలా!" అన్నాడు.

అతుకు దగ్గర జిగురు తెల్లగా సుద్దపొడిలా రాలుతోంది. డబ్బా తిప్పి చూశాను. చిన్న అక్షరాల్లో, పది డిగ్రీల కంటే చల్లగా ఉన్నచోట వాడరాదు అని ఉంది. తెల్లవారుజామున ఆ రేకుల గదిలో నా థర్మామీటర్ ఎనిమిది చూపించింది. ఎండాకాలంలో అదే గదిలో రంపం పిడి పట్టుకుంటే చేయి కాలేది.

నాకు తోచిన మార్గాలన్నీ వరసపెట్టి చూశాను. బొగ్గుల కుంపటి: నేలంతా చెక్కపొట్టు ఉన్న గదిలో ఆ ఆలోచన పూర్తికాకముందే కొట్టేశాను. అక్క హెయిర్ డ్రయ్యర్: అతుకు వెచ్చబడింది, ఫ్యూజు పోయింది. హాలోజెన్ దీపం: వెలుగు పడిన చోటే వేడి, పక్కన షరా మామూలే. చివరికి ఆఫీసు నుంచి వస్తూ అల్ ఖూజ్‌లో ఒక ఎలక్ట్రికల్ షాపులో ఆగాను.

"భాయ్, హీటర్ హై?"

"గీజరా?"

"నహీ. కమ్రా గరమ్ కర్నే వాలా."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, లోపలున్న వాళ్లను కేకేశాడు. "ఇధర్ ఆవో! ఏక్ ఆద్మీ దుబాయ్ కో ఔర్ గరమ్ కర్నా మాంగ్తా హై!"

దుబాయ్‌ని ఇంకా వేడి చేయమంటున్న మనిషిని షాపంతా వచ్చి చూసి వెళ్లింది. తర్వాత జాలిపడి, ఉన్నవి ఖలాస్ అనీ, మళ్లీ సరుకు వచ్చే వారమేననీ చెప్పాడు. వచ్చే వారానికి బారసాల అయిపోతుంది.

కారు దగ్గరికి సందులోంచి నడుస్తుంటే చెంప మీద వెచ్చటి గాలి కొట్టింది. ఏదో మొబైల్ షాపు విండో ఏసీ వీపు. లోపలి వేడిని తీసి సందులోకి ఊదుతోంది. నేను అక్కడే నిలబడిపోయాను. మా కొట్టు గోడలోనూ ఒక పాత విండో ఏసీ ఉంది. దాని ముఖం చల్లన, వీపు వేడి. దాన్ని తిప్పి, ముఖం పెరట్లోకి, వీపు గదిలోకి పెడితే?

ఆ సాయంత్రమే బావను సాయం పిలిచాను.

"ముఖం బయటికా? ఎడారిని చల్లబరుద్దామనా?" అని అడుగుతూనే ఒక చివర పట్టుకున్నాడు.

తిప్పి బిగించి, స్విచ్చులు ఇప్పుడు బయటికి వచ్చేశాయి కాబట్టి పెరట్లోకి వెళ్లి ఆన్ చేశాను. ఫ్యాను తిరిగింది. కంప్రెసర్ కదల్లేదు. కాసేపు తల గోక్కున్నాక సంగతి అర్థమైంది. చల్లదనం ఎంతుందో పసిగట్టే తీగ ఏసీ ముఖంలోనే ఉంటుంది. అది ఇప్పుడు చలిలో ఉంది. దాని దృష్టిలో ఊరంతా చల్లబడిపోయింది, ఇక చేయాల్సిన పనేమీ లేదు.

అంతలో అక్క టీ తెచ్చింది. గ్లాసు అందుకుని, జాలీ తీసి, ఆ తీగను గ్లాసుకు ఆనించాను. గుర్రుమని కంప్రెసర్ లేచింది.

"నీకని తెచ్చిన టీ దానికి పట్టిస్తావేంట్రా?" అంది అక్క.

టీ చల్లారగానే ఏసీ మళ్లీ ఆగిపోయింది. అప్పుడు అక్క లోపలికెళ్లి తన నడుం నొప్పికి వాడే వేడినీళ్ల సంచి తెచ్చిచ్చింది. తీగకు దాన్ని చుట్టాను. కొట్టులో వీపు వైపు నుంచి గాలి వెచ్చగా రావడం మొదలైంది. బావ చేతులు చాచి కాచుకుంటూ, "ఇదేదో పనికొచ్చేలానే ఉందే" అన్నాడు. నా చదువు గురించి ఆయన అన్న మంచి మాట అదొక్కటే.

పెరట్లోంచి అరుపు వినిపించింది. పైవాటాలో ఉండే కరీంనగర్ అన్న. సైట్ సూపర్‌వైజర్. రోజూ సాయంత్రం ఆ గోడ పక్కనే కుర్చీ వేసుకుని ఊరికి వీడియో కాల్ చేసుకుంటాడు.

"అరే తమ్మీ! గీ సలిల నా మీదికి ఏసీ ఇడుస్తవేందిర? నేనేం తప్పు జేసిన?"

క్షమించమని, సంగతంతా వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే లోపల ఉడుకు, బయట సల్ల. గీ తీగ సల్లవడ్తే బందైతది. గంతేనా?"

"అంతే అన్నా."

"మరి సంచిల నీళ్లు మార్చే డ్యూటీ నాకియ్యి. ఎట్లైనా ఈడనే గూసుంట గదా."

కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని, దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నేను పాత జిగురంతా గీకేసి చట్రాలు మళ్లీ అతికించాను.

మర్నాడు బావ ఒక చట్రాన్ని కాలితో తొక్కిపట్టి రెండు చేతులా లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ అతుకు ఊడలేదు. అయినా మాల్ బాక్స్ హాల్లోంచి కదల్లేదు.

"ఖాళీ చట్రం సంగతి వేరు, పిల్ల పడుకోవడం వేరు. శుక్రవారం చూద్దాం."

శుక్రవారం పొద్దున్న కిటికీ అవతల ఏమీ కనిపించనంత మంచు. హాల్లో పాలరాతి నేల ఐసుగడ్డలా ఉంది. ఉయ్యాలకు పసుపు రాసి, పూలు కట్టి, హాలు మధ్యలో పెట్టాం. చుట్టాల్లేని ఊరు కాబట్టి అక్క స్నేహితులూ బావ ఆఫీసువాళ్లూ వచ్చారు. పిల్లను అందులో పడుకోబెట్టగానే కెవ్వున ఏడ్చింది. ఎత్తుకుంటే ఆపింది. మళ్లీ పడుకోబెడితే మళ్లీ ఏడ్చింది.

"ఉయ్యాల నప్పలేదేమో" అన్నారెవరో.

బావ నా వైపు చూడకుండా వెళ్లి, బాక్స్ మీది టేపు కోయడం మొదలుపెట్టాడు. మేనమామగా నా బతుకు ఆ టేపు పొడవునా చిరుగుతున్నట్టనిపించింది.

"ఆగండి! ఉయ్యాల కాదు, చలి" అంది అక్క, పిల్ల పాదాలు పట్టుకుని చూస్తూ. "ఒరేయ్, నీ కొట్టు వెచ్చగా ఉందా?"

ఉంది. ముందురోజు ఉయ్యాలకు వేసిన పూత ఆరడం కోసం నడిపిన ఏసీని ఇంకా ఆపలేదు. కరీంనగర్ అన్న సెలవు రోజు కూడా పొద్దున్నే డ్యూటీ ఎక్కాడు. పొట్టు ముందురోజే ఊడ్చేశాను. అక్క స్నేహితులు తడిగుడ్డ పెట్టి, చాపలు పరిచారు. ఉయ్యాల రెండో చివర పట్టుకోవడానికి బావ కత్తెర కింద పెట్టాల్సి వచ్చింది.

రంపాల కింద, బిగింపుల మధ్య పిల్లను పడుకోబెట్టాను. రెండుసార్లు పెదవులు చప్పరించి కళ్లు మూసుకుంది. ఆడవాళ్లు లాలి అందుకున్నారు. నేను పాట వినలేదు, అతుకులు విన్నాను. ఒక్కటి కూడా కిర్రుమనలేదు.

మూడో పాటకల్లా పట్టుచీరల్లో అందరికీ చెమటలు పట్టాయి. వచ్చినవాళ్లలో పెద్దావిడ పేపర్ ప్లేటుతో విసురుకుంటూ గోడ వైపు చూపించారు.

"ఎదురుగా అంత ఏసీ పెట్టుకుని మమ్మల్ని ఉడకబెడతావేంటి బాబూ! వెయ్యవయ్యా!"

"వేసే ఉందండీ."

ఆవిడ ఏసీని చూశారు, నన్ను చూశారు. "నువ్వు ఏసీల ఇంజినీరువని చెప్పారే!"

స్విచ్చులు అవతల ఉన్నాయి కాబట్టి గోడ దగ్గరికి వెళ్లి అరిచాను. "అన్నా, చాలు! ఖలాస్!"

"గిప్పుడే కొత్త నీళ్లు వోసిన తమ్మీ, నువ్వు ఫికర్ జెయ్యకు!"

మగవాళ్లు ఒక్కొక్కరే జారుకుని, పెరట్లో ఆయన పక్కన చల్లగాలికి నిలబడ్డారు. బావ మాత్రం వెళ్లలేదు. చెమట తుడుచుకుంటూ ఉయ్యాల దగ్గర కూర్చుని, మెల్లగా ఒక ఊపు ఊపి, అతుకుకు చెవి ఆనించాడు. ఇంకో ఊపు ఊపాడు.

"రేపు మాల్‌కి వెళ్తున్నాను. కారులో ఆ బాక్స్ పెట్టు" అన్నాడు పిల్ల లేవకుండా, గొంతు బాగా తగ్గించి.